అపార్ట్‌మెంట్ భద్రతా రికార్డులు పాతబడితే: ఏవి ఉంచాలి, మిగతావి ఎలా నాశనం చేయాలి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ కమిటీల్లో పనిచేసే తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సెల్లార్‌లో పదేళ్ల విజిటర్ రిజిస్టర్లు, గార్డుల ఆధార్ జిరాక్సులు, పాడైన డీవీఆర్‌లు (సీసీటీవీ దృశ్యాలు దాచే పెట్టెలు) పేరుకుపోయాయి. గుజరీకి (పాత సామాన్ల అంగడికి) వేసేయొచ్చా?"

వేయకూడదు. విజిటర్ రిజిస్టరులో పేరు, ఫోన్ నంబరు, ఫ్లాటు, బండి నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ వరసగా ఉంటాయి. ఏ ఇంట్లో పగలు ఎవరూ ఉండరో తెలుసుకోవడానికి అంతకుమించిన పుస్తకం దొరకదు. అలాగని అన్నీ దాచుకున్నా ఇబ్బందే. కావలసిన ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఆ గుట్టలో ఎక్కడుందో అవసరమైన రోజున దొరకదు.

ఇది భద్రతకు సంబంధించిన రికార్డుల వరకే. లెక్కల పుస్తకాలు, జీఎస్‌టీ కాగితాలు (వీటిని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి), జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ రికార్డులు ఈ పనిలో కలపొద్దు. వాటి సంగతి ఆడిటర్‌తో తేల్చుకోండి. కింద ఇచ్చిన గడువుల్లో చట్టం చెప్పినవేవో, మా సూచనలేవో విడివిడిగా చెప్పాం.

1. మొదలుపెట్టే ముందు

ఏప్రిల్, మే నెలలు ఈ పనికి అనువు. మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగిసి ఉంటుంది, నైరుతి రుతుపవనాలింకా మొదలుకావు. జూన్ దాటితే సెల్లార్‌లో చెమ్మ చేరుతుంది. చెమ్మగిల్లిన కాగితం ష్రెడ్డర్ (కాగితాన్ని ముక్కలు చేసే మిషను) పళ్లకు చుట్టుకుని మోటారును ఆపేస్తుంది.

ముగ్గురు మనుషులు కావాలి: కమిటీ నుంచి ఒకరు, ఎస్టేట్ మేనేజర్, కమిటీలో లేని ఫ్లాట్ ఓనరు ఒకరు. మూడో మనిషి దేనికని చాలామంది అనుకుంటారు. ఇష్టం లేని కాగితాలను కమిటీయే మాయం చేసిందన్న మాట రేపు రాకుండా ఉండటానికి. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లకు మాత్రం ఈ పని ఒంటరిగా అప్పగించొద్దు. రౌండ్ల పుస్తకం, గార్డుల హాజరు పుస్తకం వాళ్ల పొరపాట్లకు కూడా సాక్ష్యాలే.

దగ్గర ఉండాల్సినవి:
- ఎన్95 మాస్కులు, చేతి తొడుగులు (పాత రిజిస్టర్లలో బూజు, వెండి పురుగులు తప్పవు)
- మూడు రంగుల స్టిక్కర్లు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ
- తాళం వేసుకోగల గది లేదా బీరువా
- తూకం మిషను, గోనె సంచులు, సీలు వేసే ప్లాస్టిక్ ట్యాగులు
- స్టేపుల్ రిమూవర్, కట్టర్, స్క్రూడ్రైవర్ సెట్టు
- లాప్‌టాప్, ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి

2. ఉన్నదంతా పట్టీ రాయడం

గేటు కేబిన్, సెల్లార్, క్లబ్‌హౌస్ ఆఫీసు, ఎలక్ట్రికల్ రూము, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి) గది, పాత సెక్రటరీల ఇళ్లు: రికార్డులు ఈ ఆరు చోట్ల చెదిరి ఉంటాయి. చివరిది అందరూ మరిచిపోతారు. పాత కమిటీ వాళ్లకు ఈమెయిల్ పెట్టి, వాళ్ల దగ్గరున్న ఫైళ్లు, పెన్ డ్రైవులు ఫలానా తేదీలోగా ఇవ్వమని అడగండి.

పట్టీలో ప్రతి వస్తువుకూ ఒక వరస. రికార్డు పేరు, మొదటి తేదీ, చివరి తేదీ, ఎన్ని పుస్తకాలు లేదా డిస్కులు, ఎక్కడ ఉంది, వ్యక్తిగత వివరాలున్నాయా, కమిటీ నిర్ణయం. డిస్కులైతే సీరియల్ నంబరు తప్పనిసరి. లేబుల్ ఫోటో తీసి పట్టీకి జతచేయండి.

రిజిస్టరు వయసు లెక్కించేది దానిలోని చివరి తేదీ నుంచి. 2019లో మొదలై 2022లో నిండిన పుస్తకాన్ని 2022 నాటిదిగానే చూడాలి. అట్ట మీది సంవత్సరం చూసి విడదీస్తే ఇక్కడే దెబ్బతింటారు.

ఈ దశలో ఏదీ పారేయకండి, ఖాళీ ఫైలు అట్టలు కూడా. ఉగాది ముందు ఇల్లు దులిపే ఊపు ఇక్కడ పనికిరాదు.

3. హోల్డ్: ముట్టుకోకూడనివి ముందు పక్కన పెట్టాలి

మొత్తం పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. ష్రెడ్డర్ రెండు మూడు రోజుల పని, హోల్డ్ జాబితాకు వారం పట్టినా పరవాలేదు. గడువు తీరినా సరే, కింది ఏ ఒక్క ప్రశ్నకు "అవును" అని జవాబొచ్చినా ఆ రికార్డుకు ఎర్ర స్టిక్కర్ వేసి తాళం వెనక పెట్టండి.

- ఆ కాలంలో పోలీసు ఫిర్యాదు, ఎఫ్ఐఆర్, పోలీసులు అడిగిన సీసీటీవీ ఏదైనా ఉందా?
- బిల్డర్ మీద గానీ, అసోసియేషన్ మీద గానీ కోర్టులో, రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ), వినియోగదారుల కమిషన్‌లో కేసు ఉందా? వేస్తామని లాయరు నోటీసు వచ్చిందా?
- ఇన్సూరెన్స్ క్లెయిమ్ తేలకుండా ఉందా?
- లిఫ్టు, ఈతకొలను, ఎస్‌టీపీ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరికైనా గాయమైందా, ప్రాణం పోయిందా?
- గార్డుతో, హౌస్‌కీపింగ్ వాళ్లతో, మాజీ ఏజెన్సీతో బకాయి తగాదా ఉందా?
- కార్పొరేషన్, అగ్నిమాపక శాఖ, కాలుష్య నియంత్రణ మండలి నుంచి జవాబు ఇవ్వాల్సిన నోటీసు ఏదైనా ఉందా?

కోర్టులో అవసరమవుతుందని తెలిసీ, అక్కడికి చేరకుండా చేయాలని పత్రాన్ని గానీ ఎలక్ట్రానిక్ రికార్డును గానీ నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. "మా రూలు ప్రకారం మూడేళ్లకు చింపేస్తాం" అన్న వాదన అక్కడ నిలవదు. నోటీసు చేతికందిన రోజు నుంచే ఆ రికార్డుకు మీ రూలు వర్తించదని గుర్తుపెట్టుకోండి.

పిల్లలకు గాయమైన ఘటనల విషయం వేరు. కాలపరిమితి చట్టం 1963లోని 6, 8 సెక్షన్ల ప్రకారం మైనరు తరఫు దావాకు 18 నిండిన తర్వాత కూడా మూడేళ్ల దాకా వీలుండొచ్చు. ఏడేళ్ల పాప లిఫ్టు తలుపులో చెయ్యి నలిగిందంటే ఆ నెల లిఫ్టు సర్వీసు కార్డు, ఘటన నివేదిక, ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందం ఆ పాపకు 21 ఏళ్లు నిండేదాకా ఉంచాలి. చాలా అసోసియేషన్లకు ఈ సంగతి తెలియక మూడేళ్లకే తీసేస్తున్నాయి.

బిల్డర్ విషయం ఇంకొకటి. రెరా చట్టం 14(3) సెక్షన్ కింద, స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి అయిదేళ్లలో బయటపడిన నిర్మాణ లోపాలను బిల్డర్ సరిచేయాలి. ఫైర్ పైపులు లీకవడం, రైలింగ్ ఊడటం, సెల్లార్‌లో నీరు ఊరడం గురించి రాసుకున్న లాగ్‌బుక్కులు ఆ అయిదేళ్లూ, లోపం చెప్పి ఉంటే అది తేలేదాకా, కదలకూడదు.

ఎర్ర స్టిక్కర్ మీద మూడు మాటలు రాయండి: ఎందుకు ఆపాం, ఎవరు ఆపారు, ఎవరి మాటతో విడుదల చేయాలి. ఇది రాయకపోతే రెండేళ్ల తర్వాత వచ్చిన కమిటీకి ఆ డబ్బా ఎందుకుందో తెలియక తీసి పారేస్తుంది.

4. ఏది ఎన్నాళ్లు

శాశ్వతంగా ఉంచాల్సినవి:
- మంజూరు ప్లాను, కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ)
- మొదటి ఫైర్ ఎన్‌ఓసీ, క్లియరెన్స్, ఫైర్ పైపులైన్ల డ్రాయింగులు
- లిఫ్టు, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్‌లకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఇచ్చిన అనుమతులు
- ప్రాణం పోయిన ఘటనల ఫైళ్లు
- నాశనం చేసిన రికార్డుల పట్టీలు

వీటి మీద పాత సంస్థల పేర్లుంటాయి, కంగారుపడొద్దు. 2025 సెప్టెంబరు 2న బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. అంతకుముందు 2007లో పాత బెంగళూరు మహానగర పాలికెతో ఏడు నగర పురసభలు, ఒక పట్టణ పురసభ, 110 గ్రామాలు కలిసి బీబీఎంపీ ఏర్పడింది. మహదేవపుర, కేఆర్ పురం వైపు పాత భవనాల కాగితాల మీద అప్పటి పురసభ ముద్రో, గ్రామ పంచాయతీ ముద్రో ఉంటుంది. "ఈ ఆఫీసే లేదు కదా" అని పారేసిన కాగితమే బ్యాంకు లోనుకో, ఖాతాకో (కార్పొరేషన్‌లో ఆస్తి నమోదు) మొదట అడుగుతారు.

మిగతావాటికి మేం సూచించే గడువులు ఇవి. చట్టం పేరు చెప్పిన చోట తప్ప ఇవన్నీ సూచనలే, మీ లాయరు మార్చమంటే మార్చండి.

- విజిటర్, డెలివరీ, పనివాళ్ల రాకపోకల రిజిస్టర్లు: చివరి తేదీ నుంచి 1 సంవత్సరం. మూడేళ్లు ఉంచే అసోసియేషన్లు ఎక్కువగానే ఉన్నాయి గానీ ఏడాది దాటాక వాటిని తెరిచి చూసే సందర్భం దాదాపు రాదు.
- గార్డుల రౌండ్ల పుస్తకం, తాళాల పుస్తకం, మెటీరియల్ గేట్ పాసులు: 3 సంవత్సరాలు. ఒప్పందాల మీద దావాకు సాధారణ కాలపరిమితి మూడేళ్లు కాబట్టి.
- సెక్యూరిటీ, లిఫ్టు, ఫైర్ ఏఎంసీ ఒప్పందాలు: ముగిసిన తేదీ నుంచి 3 సంవత్సరాలు. నెలవారీ లిఫ్టు సర్వీసు కార్డులు కూడా అంతే.
- అగ్నిమాపక సిలిండర్ల హిస్టరీ కార్డులు: ఆ సిలిండర్ తుక్కుకు వెళ్లేదాకా, ఆపైన మరో 3 సంవత్సరాలు. ప్రెజర్ టెస్టు ఎప్పుడు జరిగిందో ఈ కార్డు లేకుండా చెప్పలేరు.
- మాక్ డ్రిల్ నివేదికలు, ఫైర్ పంపు పరీక్షల లాగ్: 5 సంవత్సరాలు
- చిన్న ఘటనల నివేదికలు (దొంగతనం, గొడవ, కారు గీతలు): తేలిన తేదీ నుంచి 3 సంవత్సరాలు
- గార్డుల, డ్రైవర్ల, ఇంటి పనివాళ్ల ఆధార్ జిరాక్సులు, ఫోటోలు: పని మానేశాక 90 రోజులు. పోలీసు వెరిఫికేషన్ జరిగిందన్న నంబరు, తేదీ మాత్రం పట్టీలో రాసుకుని జిరాక్సు తీసేయండి.
- సీసీటీవీ దృశ్యాలు: 30 రోజులు. జనం పోగయ్యే సంస్థల్లో దృశ్యాలు 30 రోజులు భద్రపరచాలని కర్ణాటక ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం 2017 చెబుతుంది. షాపులు, పెద్ద క్లబ్‌హౌస్ ఉన్న సముదాయాలు దీన్ని కనీసంగా పెట్టుకోవడం మేలు.

గడువు తీరినవాటికి ఆకుపచ్చ స్టిక్కర్. ఇంకా ఉన్నవాటికి పసుపు, దాని మీద నాశనం చేయాల్సిన నెల, సంవత్సరం.

5. తీర్మానం, నోటీసు

సెక్రటరీ ఒక్కరి సంతకంతో ఈ పని చేయొద్దు. కమిటీ సమావేశం ఎజెండాలో ముందే పెట్టి, ఆకుపచ్చ జాబితాను మినిట్స్‌కు జతచేసి ఆమోదించాలి. తీర్మానం ఇలా ఉండొచ్చు, మీ మినిట్స్ నడిచే భాషలోకి మార్చుకోండి:

"జతచేసిన అనుబంధం–1లోని 1 నుంచి 47 వరకు రికార్డుల గడువు ముగిసిందని, వాటిపై కేసు, ఫిర్యాదు, క్లెయిమ్, ప్రభుత్వ నోటీసు ఏదీ పెండింగ్‌లో లేదని పరిశీలించి తెలుసుకున్నాం. నోటీసు ఇచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం రాకపోతే వాటిని సాక్షుల సమక్షంలో నాశనం చేయడానికి ఆమోదించాం. అనుబంధం–2లోని రికార్డులు తదుపరి తీర్మానం వరకు హోల్డ్‌లో ఉంటాయి."

నోటీసు బోర్డుతో సరిపెట్టొద్దు. ఫ్లాట్ అద్దెకిచ్చి నెల్లూరులోనో అనంతపురంలోనో ఉంటున్న ఓనరు ఆ బోర్డు చూడరు. రిజిస్టర్డ్ ఈమెయిల్‌కు పంపండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం రెండు గంటల్లో గుడ్ మార్నింగుల కింద కూరుకుపోతుంది, దాన్ని అదనంగా మాత్రమే లెక్కించండి.

ఎవరైనా అభ్యంతరం చెబితే వాదించకండి. ఆ ఒక్క రికార్డును హోల్డ్‌కు మార్చి మిగతావి కానివ్వండి.

6. కాగితం

కాల్చడం వద్దు. చెత్తను బహిరంగంగా కాల్చడం ఘన వ్యర్థాల నియమాల కింద నిషేధం, అదొక కారణం. రెండో కారణం, బైండు చేసిన రిజిస్టరు అంచులే కాలతాయి. గాలి అందక లోపలి పేజీలు చక్కగా చదవడానికి వీలుగా మిగులుతాయి.

చేతితో రెండు ముక్కలు చేయడం, పేరు మీద మార్కర్ గీయడం కూడా నాశనం కిందికి రావు. మార్కర్ కింది బాల్‌పెన్ రాత వెలుతురుకు పెడితే కనిపిస్తుంది.

క్రాస్‌కట్ ష్రెడ్డర్ వాడండి. డబ్బా మీద పీ–4 అని ఉండాలి. అంటే ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించదు. నిలువు పోగులుగా కోసే చవక రకంలో (పీ–2) పోగు 6 మిల్లీమీటర్ల దాకా వెడల్పుంటుంది. రిజిస్టరు గీతలు పోగుకు సమాంతరంగా పడితే ఫోన్ నంబరు మొత్తం ఒక్క పోగులోనే వచ్చేస్తుంది.

కొనే ముందు లెక్క వేసుకోండి. 200 ఆకుల రిజిస్టర్లు 60 ఉన్నాయంటే 12,000 ఆకులు. ఒక్కో విడతకు 8 ఆకులు పెడితే 1,500 విడతలు. చిన్న మిషన్లు అయిదారు నిమిషాలు తిరిగాక అరగంట చల్లబడాలి. కనుక అది రెండు మూడు రోజుల పని. 50 కిలోలు దాటితే బండిలోనే మిషను తెచ్చి మీ ఆవరణలో ముక్కలు చేసే వాళ్లను పిలవడం మంచిది. వాళ్లను అడగాల్సినవి: మా కళ్ల ముందే చేస్తారా, ముక్క సైజు ఎంత, తూకంతో సర్టిఫికెట్ ఇస్తారా, ముక్కలు ఎక్కడికి వెళతాయి?

వరస ఇది:
1. ఆకుపచ్చ జాబితాతో ప్రతి పుస్తకాన్నీ ఇంకోసారి సరిచూడండి. పేజీలు తిరగేసి మధ్యలో పెట్టిన వదులు కాగితాలు చూడండి. పాత ఫైర్ రసీదులు, చెక్కులు అక్కడే దొరుకుతాయి.
2. అట్ట, వీపు దారం కట్టర్‌తో తీసేయండి. ప్లాస్టిక్ కవర్లు, లామినేషన్లు, క్లిప్పులు వేరుచేయండి.
3. మిషను నోటికంటే వెడల్పైన పేజీలను మడవకుండా కోసి పెట్టండి. మడత ఒక ఆకును రెండు చేస్తుంది, మిషను ఇరుక్కునేది దానికే.
4. వేర్వేరు రిజిస్టర్ల ముక్కలు ఒకే సంచిలో కలపండి.
5. సంచి నిండగానే సీలు, తూకం, నంబరు.
6. కాగితం ముక్కలను వార్డు డ్రై వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి. చిన్న ముక్కలకు గుజరీ అంగడిలో ధర పెద్దగా రాదు, దాని కోసం బేరాలాడి సంచులు నిలవబెట్టొద్దు.

థర్మల్ ప్రింటర్ చీటీలు (పార్కింగ్ స్లిప్పులు, పాత విజిటర్ పాసులు) కాగితంలో కలపకండి. వాటి రసాయన పూత వల్ల రీసైక్లింగ్‌కు పనికిరావు. విడిగా ముక్కలు చేసి వేరే సంచిలో ఇవ్వండి.

ష్రెడ్డర్ లేక, పదిపదిహేను పుస్తకాలే ఉంటే నీళ్ల దారి ఉంది. వీపు తీసి, పేజీలు విడదీసి, డ్రమ్ములో రెండు రోజులు నానబెట్టి, కర్రతో గుజ్జయ్యేదాకా కలపండి. బాల్‌పెన్ సిరా నీళ్లకు పోదు కనుక కాగితం రూపం పోయేదాకా కలపాల్సిందే. కట్టలు కట్టలుగా వేస్తే లోపలి పేజీలు పొడిగానే ఉంటాయి.

గేటు కార్డులకు క్రమం తిరగేయకూడదు. ముందు యాక్సెస్ సాఫ్ట్‌వేర్‌లో కార్డును డీయాక్టివేట్ చేసి, తర్వాత చిప్పు మీదుగా, ఫోటో మీదుగా కత్తిరించండి. కార్డు విరిచేసి సిస్టమ్‌లో వదిలేస్తే దాని నకలు ఇంకా గేటు తెరుస్తుంది.

7. సీసీటీవీ, డిస్కులు

ముందు మీ డీవీఆర్ నిజంగా ఎన్ని రోజులు ఉంచుతోందో చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ. 16 కెమెరాలకు దాదాపు 346 జీబీ. 30 రోజులకు 10 టీబీ పైన కావాలి. 4 టీబీ డిస్కు ఒక్కటే ఉంటే 11 రోజులు దాటగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. "నెల రోజుల ఫుటేజీ ఉంది" అని పోలీసులకు చెప్పి, పన్నెండో రోజున లేదని తెలుసుకోవడం ఇందువల్లే.

ఘటన జరిగితే 24 గంటల్లో ఆ దృశ్యాన్ని బయటకు తీయండి. పద్ధతి ఇదీ:
- డీవీఆర్ గడియారం అసలు సమయంతో ఎంత తేడాగా ఉందో రాసుకోండి, డీవీఆర్‌లో మార్చకండి
- ఘటనకు ముందు అరగంట, తర్వాత అరగంట కలిపి, కంపెనీ సొంత ఫార్మాట్‌లోనూ మామూలు వీడియోగానూ ఎగుమతి చేయండి
- ఆ ఫైలుకు ఎస్‌హెచ్ఏ–256 హ్యాష్ (ఫైలులో ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసి రాయండి. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ ఆదేశం చాలు
- రెండు కాపీలు, ఒకటి హోల్డ్ బీరువాలో

హ్యాష్ ఎందుకంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో ఆ విలువ రాయాలి. ఆ రోజు తీయకపోతే తర్వాత అదే ఫైలని చెప్పడం కష్టం.

ఇక పాత డిస్కుల నాశనం. డీవీఆర్ మెనూలోని "ఫార్మాట్" చాలావరకు విషయసూచికనే చెరిపేస్తుంది, దృశ్యాలు డిస్కులో అలాగే ఉంటాయి. ఇంకో భ్రమ: ఆ డిస్కును విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే "ఇనిషియలైజ్ చేయాలా" అని అడుగుతుంది, ఖాళీగా చూపిస్తుంది. డీవీఆర్ ఫైల్ పద్ధతి విండోస్‌కు అర్థం కాదు, అంతే. డిస్కు నిండుగానే ఉంటుంది.

పనిచేసే డిస్కును ఒకసారి మొదటి నుంచి చివరిదాకా సున్నాలతో నింపాలి. విండోస్‌లో డిస్క్‌పార్ట్‌లోని "క్లీన్ ఆల్", లైనక్స్‌లో "ష్రెడ్ -n 0 -z" ఆ పని చేస్తాయి. ఉత్త "క్లీన్" ఆదేశం సరిపోదు. 4 టీబీ డిస్కుకు ఏడెనిమిది గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. ఇప్పటి హార్డ్ డిస్కులకు ఒక్కసారి రాస్తే చాలు. ఏడుసార్లు రాయాలని డబ్బు గుంజే వాళ్లను నమ్మొద్దు. ఆదేశం ఇచ్చే ముందు డిస్కు నంబరు రెండుసార్లు చూడండి. లాప్‌టాప్ సొంత డిస్కును చెరిపేసుకోవడం ఇక్కడ మామూలుగా జరిగే ప్రమాదం. వీలైతే ఈ పనికి విడి కంప్యూటరు వాడండి.

పనిచేయని డిస్కుకు డ్రిల్లే దారి. డిస్కు లోపలి గుండ్రటి పళ్లేల మీదుగా మూడు నాలుగు చోట్ల ఇవతలి నుంచి అవతలికి రంధ్రాలు వేయండి. కంటి అద్దాలు తప్పనిసరి. లాప్‌టాప్ తరహా చిన్న డిస్కుల్లో పళ్లేలు గాజువి, పగిలి ఎగురుతాయి. కెమెరాల్లోని మెమరీ కార్డులు, ఎస్‌ఎస్‌డీలకు (పళ్లేలు లేకుండా చిప్పులతో పనిచేసే డిస్కులు) సున్నాలు రాయడం నమ్మకమైన పద్ధతి కాదు, లోపల కొన్ని భాగాలకు రాత చేరదు. మెమరీ కార్డును చిప్పు మీదుగా ముక్కలు చేయండి. ఎస్‌ఎస్‌డీకి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడండి.

తర్వాత డిస్కు, డీవీఆర్ రెండూ ఈ–వేస్ట్. ఈ–వ్యర్థాల నియమాలు 2022 ప్రకారం నమోదైన రీసైక్లర్‌కే ఇచ్చి, సీరియల్ నంబర్లతో రసీదు తీసుకోండి. కొత్త డీవీఆర్ బిగించే టెక్నీషియన్ "పాతది ఎక్స్చేంజ్‌లో తీసుకెళ్తా" అంటే డిస్కు ఊడదీసి ఖాళీ పెట్టె ఇవ్వండి.

8. గేట్ యాప్, వాట్సాప్, ఈమెయిల్

పుస్తకాలు చింపి యాప్‌లో ఆరేళ్ల విజిటర్ జాబితా వదిలేస్తే పని సగమే అయినట్టు. గేట్ యాప్ కంపెనీకి రాసి అడగండి: విజిటర్ డేటా ఎన్నాళ్లు ఉంటుంది, అడ్మిన్ ఎంత తగ్గించవచ్చు, ఖాళీ చేసిన అద్దెదారుల ఫోటోలు ఎప్పుడు పోతాయి, బ్యాకప్‌ల సంగతేమిటి? జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం, చట్టపరంగా ఉంచాల్సిన అవసరం లేనప్పుడు, సేకరించిన పని తీరిపోయిన డేటాను చెరిపేయాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. విజిటర్ రిజిస్టర్లను స్కాన్ చేసి దాచుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. స్కాన్ చేసిన క్షణం నుంచి ఆ పాత కాగితం కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తుంది.

గార్డుల వాట్సాప్ గ్రూపులో పడిన ఆధార్ ఫోటోలు ప్రతి సభ్యుడి ఫోన్ గ్యాలరీలోనూ ఉంటాయి. వాటిని మీరు వెనక్కి తీసుకోలేరు. ఇక ముందు అక్కడ పంపకుండా చూడటం ఒక్కటే మీ చేతిలో ఉంది.

9. నాశనం జరిగినట్టు పత్రం

ఒక పేజీ చాలు. తేదీ, చోటు, తీర్మానం నంబరు, రికార్డుల వరస సంఖ్యలు, పద్ధతి (పీ–4 ష్రెడ్డింగ్, ఓవర్‌రైట్, డ్రిల్), సంచుల సంఖ్య, మొత్తం బరువు, డిస్కుల సీరియల్ నంబర్లు, ముగ్గురి సంతకాలు. "పాత రిజిస్టర్లు కొన్ని" అని రాస్తే ఆ కాగితానికి విలువ లేదు. "విజిటర్ రిజిస్టరు, మెయిన్ గేటు, 2021 ఏప్రిల్ 3 – 2021 ఆగస్టు 19" అని ఉండాలి. నాశనం చేసిన వాటిలోని పేర్లు, నంబర్లు మాత్రం ఇందులో రాయొద్దు.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఇప్పటికే తూకానికి వేసేశారు: ఏం పోయిందో గుర్తున్నంత వరకు నేటి తేదీతో రాసి కమిటీ ముందు పెట్టండి. పాత తేదీతో తీర్మానం సృష్టించొద్దు, అది మొదటి తప్పుకంటే పెద్దది. పోయినవాటిలో హోల్డ్ రికార్డు ఉంటే అదే రోజు లాయరుకు చెప్పండి.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఫైర్ ఎన్‌ఓసీ పోయాయి: ఇచ్చిన శాఖ దగ్గర ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేయండి, కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటల లోపు ఉండాలి. ఓసీ, ఎన్‌ఓసీ రెండూ ఒకే కాగితంలో అడిగితే తిప్పి పంపుతారు.

సెక్యూరిటీ ఏజెన్సీ మారింది, పాత రిజిస్టర్లు వాళ్లు పట్టుకుపోయారు: రిజిస్టర్లు అసోసియేషన్ ఆస్తి అని ఒప్పందంలో లేకపోవడమే కారణం. రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. చివరి బిల్లు చెల్లింపును రిజిస్టర్ల అప్పగింతతో ముడిపెట్టే షరతు కొత్త ఒప్పందంలో చేర్చండి.

ష్రెడ్డింగ్ మధ్యలో లాయరు నోటీసు వచ్చింది: మిషను ఆపండి. అప్పటిదాకా అయినవాటికి పత్రం రాసి, మిగిలినవాటికి ఎర్ర స్టిక్కర్ వేయండి.

11. వచ్చే ఏడాదికి

కొత్త రిజిస్టరు గేటుకు ఇచ్చే రోజునే లోపలి అట్ట మీద మొదలైన తేదీ, చివరి తేదీకి ఖాళీ, నాశనం చేయాల్సిన నెల రాసే గడి ముద్ర వేయండి. ఒక్కో గేటుకు ఒక్కో పుస్తకం.  ఘటనలు విజిటర్ రిజిస్టరు వెనక పేజీల్లో రాసే అలవాటు చాలా గేట్ల దగ్గర ఉంది. దానికి విడిగా చిన్న పుస్తకం పెట్టండి. లేదంటే ఏడాదికి పోవాల్సిన రిజిస్టరు ఒక్క పేజీ కోసం పదేళ్లు బీరువాలో కూర్చుంటుంది.